రాజమండ్రికి సాయంత్రం ఫ్లైట్: కుడి కిటికీ తీసుకోండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. డిసెంబరు రెండో వారంలో శంషాబాద్ నుంచి రాజమండ్రికి, సాయంత్రం 5.20కి బయలుదేరే ఏటీఆర్ అనే చిన్న ఫ్యాన్ల విమానంలో, మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నారు. కిటికీ సీటుకు విడిగా డబ్బు కట్టడం దండగేమో అంటున్నారు. కడితే ఏ వైపు కట్టాలి, అసలు ఈ ఫ్యాన్ల ఫ్లైట్ ఎక్కడం క్షేమమేనా అని కూడా అడిగారు. మాది కొవ్వూరు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏళ్ల తరబడి ఇదే దారిలో ఇంటికి వెళ్తున్నాను కాబట్టి తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కట్టండి. కుడివైపు కిటికీ తీసుకోండి, అదీ రెక్క దాటాక వెనక వరుసల్లో. గంట ప్రయాణానికి ఎందుకులే అని మీ స్నేహితులు అన్నారని రాశారు. గంటే కాబట్టి కట్టమంటాను. నాలుగు గంటల ప్రయాణంలో కిటికీ లోంచి చూసేది కొంతసేపే, తరువాత నిద్ర. ఇక్కడ పగలు చీకటవడం, తెలంగాణ నేల దాటి గోదావరి రావడం, ఊళ్లో దిగడం అన్నీ ఆ గంటలోనే జరిగిపోతాయి. ఒక్క నిమిషం కూడా ఖాళీ ఉండదు.

భయం సంగతి త్వరగా తేల్చేద్దాం. ఏటీఆర్‌కి బయట ఫ్యాన్లు కనబడతాయి కాబట్టి పాతకాలం బండి అనుకుంటారు. నిజానికి ఆ ఫ్యాన్‌ని తిప్పేది కూడా జెట్ విమానాల్లో ఉండే రకం టర్బైన్ ఇంజనే. దగ్గరి దూరాలకు, చిన్న రన్‌వేలకు ఇంధనం ఆదా అవుతుందని ఈ ఏర్పాటు. రెండు ఇంజన్లలో ఒకటి ఆగినా రెండోదానితో ఎగిరి దిగగలిగేలా తయారు చేస్తారు. పెద్ద విమానాల కంటే తక్కువ ఎత్తులో, మబ్బులుండే ఎత్తుల్లోనే వెళ్తుంది కాబట్టి కుదుపులు కాస్త ఎక్కువ. డిసెంబరులో, తుఫాను లేని రోజైతే, అవీ పెద్దగా ఉండవు. బెల్టు తీయకుండా కూర్చుంటే చాలు.

కొన్ని చప్పుళ్లు మాత్రం ముందే తెలిసి ఉంటే టెన్షన్ పడరు. ఎగిరిన కాసేపటికి ఇంజన్ రొద ఒక్కసారిగా తగ్గుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్లు ఇంజన్ ఆగిపోయిందేమో అనుకుంటారు. ఎగరడానికి కావలసిన పూర్తి బలం ఇక అక్కర్లేక తగ్గించారంతే. దిగే ముందు కాళ్ల కింద గడగడమని చప్పుడై, విమానం కాస్త అదిరినట్టుంటుంది. అది చక్రాలు బయటికి రావడం. ఏటీఆర్‌లో చక్రాలు రెక్కలో కాకుండా పొట్ట పక్కన ఉబ్బెత్తుగా ఉండే అరల్లో ముడుచుకుని ఉంటాయి. రెక్క దగ్గరి వరుసల్లో కూర్చుంటే ఆ తలుపు తెరుచుకుని నల్లటి టైర్లు కిందికి దిగడం కళ్లారా చూడొచ్చు. ఇక చీకటి పడ్డాక దిగేటప్పుడు లోపల లైట్లు ఆర్పేస్తారు. ఏదైనా అవసరమైతే మన కళ్లు అప్పటికే చీకటికి అలవాటుపడి ఉండాలని చేసే ఏర్పాటు అది, ప్రతిసారీ ఉంటుంది. మనకు అదే పెద్ద వరం, లోపలి వెలుతురు అద్దంలో పడక బయటిది బాగా కనబడుతుంది.

ఇప్పుడు సీటు. సీట్ల పటం తెరిస్తే వరుసకు అటు రెండు, ఇటు రెండు ఉన్నాయంటే ఏటీఆర్. మూడేసి ఉంటే ఎయిర్‌బస్. రెండింటికీ లెక్క వేరు. ఎయిర్‌బస్‌కి రెక్క కిటికీ కింద ఉంటుంది కాబట్టి మధ్య వరుసల్లో కూర్చుంటే గంటసేపూ రెక్కే కనబడుతుంది. ఏటీఆర్‌కి రెక్క నెత్తిమీద ఉంటుంది, కింద నేల ఎప్పుడూ మూసుకుపోదు. నన్నడిగితే నేల చూడాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి విమానం మన దగ్గర లేదు. తక్కువ ఎత్తులో వెళ్తుంది కాబట్టి రోడ్డు మీద లారీ లైట్లు కూడా విడివిడిగా తెలుస్తాయి.

వెనక వరుసలు ఎందుకన్నానంటే రెండు కారణాలు. ఒకటి, ఫ్యాన్ల రొద ముందు వైపు ఎక్కువ, వెనక తక్కువ. రెండు, మీరు తూర్పుకు వెళ్తున్నారు, సూర్యుడు వెనక అస్తమిస్తాడు. వెనక సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించి చూస్తే ఇంజనూ ఫ్యానూ అడ్డం రావు. ఏటీఆర్‌లో ఎక్కేది, దిగేది వెనక తలుపు నుంచే కాబట్టి దిగేటప్పుడు కూడా మీరే ముందు. 13 దాటిన వరుసల్లో ఏది దొరికినా మంచిదే. సీటు కిటికీకి సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త ముందుకో వెనక్కో ఉండొచ్చు, అది అదృష్టం.

కుడివైపు అని ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, డిసెంబరులో పొద్దు సరిగ్గా పడమర కుంకదు, నైరుతికి జరిగి కుంకుతుంది. తూర్పు ముఖంగా వెళ్లే విమానానికి దక్షిణం కుడివైపు. అందుకని సంధ్య రంగులన్నీ కుడి కిటికీకి, కాస్త వెనగ్గా దొరుకుతాయి. అదే మీరు జూన్‌లో వెళ్తుంటే పొద్దు వాయవ్యానికి జరిగి కుంకుతుంది కాబట్టి ఎడమ సీటు చెప్పేవాణ్ణి. రెండో కారణం గోదావరి వంతెనలు, అవీ కుడివైపే.

ఈ దారిలో పొద్దు కుంకడం చూడటానికి కాస్త లెక్క తెలిసి ఉంటే బావుంటుంది. డిసెంబరు రెండో వారంలో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం 5.40 దాటాక. రాజమండ్రి అక్కడికి దాదాపు మూడున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ పొద్దు పదమూడు, పద్నాలుగు నిమిషాలు ముందే కుంకుతుంది. అంటే మీరు గంటకు 500 కిలోమీటర్ల వేగంతో చీకటికి ఎదురెళ్తున్నారు. ఇంకోపక్క పైకి వెళ్లేకొద్దీ దిగంతం కిందికి జారుతుంది. 17 వేల అడుగుల ఎత్తులో రెండు డిగ్రీలకు పైగా జారుతుంది. దానివల్ల నేల మీద ఉన్నవాళ్లకు కనబడకుండా పోయిన సూర్యుడు పైనున్నవాళ్లకు ఇంకొన్ని నిమిషాలు కనబడతాడు. మీ విమానం 5.20కి కదిలి, రన్‌వే ఎక్కి ఎగిరేసరికి 5.35 అనుకుందాం. కింద పల్లెల్లో అప్పుడే దీపాలు వెలుగుతుంటాయి, మీ పక్క సీటు వీపు మీద మాత్రం ఎర్రటి ఎండ పడుతుంటుంది. ఆ కాసేపట్లో ఫోన్ చూడకండి. తూర్పుకు పోతున్నాం కాబట్టి సంజె వెలుగు మామూలు కంటే వేగంగా పోతుంది, మళ్లీ దొరకదు.

ఎడమవైపు కూర్చున్నవాళ్లకూ ఒకటుంది. సూర్యుడు పోయాక ఎదురు దిక్కున, అంటే ఈశాన్యం మూల, దిగంతం మీద ముదురు నీలి బూడిదరంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని పైన లేత గులాబీ రంగు చార. ఆ నీలి పట్టీ మబ్బు కాదు, గాలి మీద పడిన భూమి నీడ. కింద ఇళ్లు, చెట్ల మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోరు. పైనుంచి చూస్తే అది పైపైకి లేచి రాత్రిగా మారడం స్పష్టంగా తెలుస్తుంది. మీ ప్రయాణం పౌర్ణమి రోజున గానీ మరునాడు గానీ పడితే నా సలహా మార్చుకోండి, ఎడమ కిటికీయే తీసుకోండి. డిసెంబరు పౌర్ణమి చంద్రుడు ఆ నీడలోంచే, ఆ మూలనే ఉదయిస్తాడు. అలాంటి రోజున వంతెనలు వదులుకున్నా నష్టం లేదు. క్యాలెండర్ ఒకసారి చూసుకుని సీటు కట్టండి.

దారి సంగతికి వస్తాను. హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాదాపు నేరుగా తూర్పు. రోజును బట్టి కొంచెం అటూ ఇటూ తిప్పినా, సూర్యాపేట దాకా విజయవాడ హైవే మీ కిందే ఉంటుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట వరసగా వస్తాయి. శుక్రవారం సాయంత్రమైతే ఊళ్లకు వెళ్లే కార్ల లైట్లు ఒకవైపు తెల్లగా, ఒకవైపు ఎర్రగా రెండు పాయలుగా సాగుతుంటాయి. ఆ రోడ్డు మీద, టోల్ గేటు దగ్గర గంటలు గడిపిన వాళ్లకు ఇది పైనుంచి చూడటం వేరే ఆనందం.

ఈ భాగంలో చూడాల్సింది చెరువులు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు పల్లెకో చెరువు ఉంటుంది. వానాకాలం వెళ్లాక డిసెంబరుకి చాలావాటిలో నీళ్లుంటాయి. నేల నల్లబడిపోయాక కూడా నీళ్లు ఆకాశం రంగునే చూపిస్తుంటాయి. అయితే నేరుగా కిందికి చూస్తే ఏమీ తెలియదు, వెనక్కి, వెలుగున్న వైపు చూడాలి. అప్పుడు ఒక్కో చెరువు నారింజ రంగులో వెలిగి, మనం ముందుకు జరిగేకొద్దీ ఆరిపోయి, దాని పక్కది వెలుగుతుంది. కట్ట ఎటుందో, నీళ్లు ఎటు పలచబడ్డాయో ఆ అంచును బట్టి తెలుస్తుంది. కట్ట వైపు అంచు గీత గీసినట్టు ఉంటుంది, రెండోవైపు పొలాల్లోకి వంకరలు పోతుంది. కుడి వెనక సీటు తీసుకోమనడానికి నా మనసులో ఉన్న అసలు కారణం ఇదే.

ఖమ్మం దీపాలు ఎడమవైపు వెళ్లిపోయాక కింద చాలాసేపు చీకటే. సత్తుపల్లి దాటి జంగారెడ్డిగూడెం వచ్చేదాకా దీపాలు పలచగా ఉంటాయి. పామాయిల్ తోటలు, పొగాకు చేలు, మధ్యలో అడవి ఉన్న నేల అది. చాలామంది ఇక్కడ కునుకు తీస్తారు. మీరు తీయకండి. ఈ చీకటిలోనే కళ్లు అలవాటుపడతాయి. నెత్తిమీద చదువుకునే లైటు ఆర్పేయండి, ఫోన్ స్క్రీన్ తిప్పి పెట్టండి. చున్నీయో శాలువానో తల మీదుగా కిటికీకి అడ్డంగా పట్టుకుంటే లోపలి వెలుతురు అద్దంలో పడదు. ఎవరేమనుకుంటారో అని మొహమాటపడొద్దు. సాయంత్రం ఈ ఫ్లైట్‌లో ఎవరి లోకం వాళ్లది. ఆఫీసు నుంచి అలాగే వచ్చినవాళ్లు, పిల్లల దగ్గర ఉండి ఇంటికి వెళ్తున్న పెద్దవాళ్లే ఎక్కువ, గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా తక్కువ.

సత్తుపల్లి దాటాక ఎప్పుడో ఇంజన్ రొద తగ్గి ముక్కు కొంచెం కిందికి వాలుతుంది. చెవులు మూసుకుపోయినట్టు ఉంటే ఏదైనా చప్పరించండి, గుటక వేయండి. నోట్లో ఒక పిప్పరమెంటు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక గోదావరి. రాజమండ్రి విమానాశ్రయం ఊరికి ఉత్తరంగా మధురపూడిలో ఉంది. రన్‌వే ఈశాన్యం నుంచి నైరుతికి వేసి ఉంటుంది. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగా దిగుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి విమానం ముందుకు పోయి, కోరుకొండ వైపు నుంచి తిరిగి వచ్చి దిగేది ఎక్కువ. అప్పుడు నదిని చాలా ఎత్తులోనే దాటేస్తాం. డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి. కాబట్టి మీ విమానం నైరుతి నుంచి, అంటే కొవ్వూరు వైపు నుంచి గోదావరి దాటుతూ దిగే అవకాశం ఎక్కువ. నది మీదికి వచ్చేసరికి ఎత్తు రెండు వేల అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. గాలి మన చేతిలో లేదు కాబట్టి మాట ఇవ్వలేను గానీ, ఆ కాలానికి మంచి అవకాశమే.

నది వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, దీపాలు ఒక గీత దగ్గర ఆగిపోతాయి. అప్పటిదాకా పల్లె తరువాత పల్లె, వీధి దీపాలు, కోళ్లఫారాలు, పెట్రోలు బంకులు. ఉన్నట్టుండి ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదే గోదావరి. వెంటనే కుడివైపు చూడండి. ఆ నల్లటి వెడల్పు మీద కొవ్వూరు నుంచి రాజమండ్రికి సాగే వంతెనలు కనబడతాయి. రోడ్డు కం రైలు వంతెనను గుర్తుపట్టడం తేలిక. 1974 నాటిది, పైన రోడ్డు, కింద రైలు పట్టా. పైన బండ్ల లైట్లు కదులుతుంటాయి. ఆ సమయానికి రైలు గనక వస్తే, కింద అంతస్తులో పసుపుపచ్చ కిటికీల వరుస ఇనుప దూలాల మధ్య నుంచి వెలిగి ఆరుతూ పోతుంది. 1997లో వచ్చిన కమాను వంతెన ఇంకొకటి. అది రాగానే 1900 నాటి హేవ్‌లాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు, దాని మీద రైళ్లు లేవు కాబట్టి చీకట్లో దాన్ని పోల్చుకోవడం కష్టం. నాలుగోది 2015లో తెరిచిన హైవే వంతెన, అదే మీకు అన్నిటికంటే దగ్గర. ఆకాశం తేటగా ఉంటే ఇంకా దూరంగా, దక్షిణాన, ధవళేశ్వరం బ్యారేజీ దీపాల గీత కూడా కనబడుతుంది. కాటన్ దొర 1852కి పూర్తిచేసిన ఆనకట్ట ఉన్న చోటే అది.

రైల్లో గోదావరి దాటేటప్పుడు మన వాళ్లు కిటికీ లోంచి రూపాయి వేసి దండం పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. విమానంలో నాణెం వేసే వీల్లేదు, కానీ పక్క సీట్లో పెద్దవాళ్లుంటే గమనించండి, నది రాగానే చేతులు జోడిస్తారు. మీరు కిటికీ దగ్గర ఉంటారు కాబట్టి వాళ్లకు కనబడకపోతే "గోదారి వచ్చిందండి" అని చెప్పండి, కాస్త వెనక్కి జరిగి చోటివ్వండి. ఇది నేను గట్టిగా కోరుతున్నాను. కిటికీ సీటు డబ్బు మనం కట్టినా నది అందరిదీ.

ఫోటోల గురించి కూడా అడిగారు. పొద్దు కుంకే దాకా తీసుకోండి. ఫోన్‌ను అద్దానికి గట్టిగా ఆనించొద్దు, ఏటీఆర్ అదురుకు బొమ్మ చెదిరిపోతుంది. అద్దానికి వెంట్రుకవాసి దూరంలో పట్టుకుని, చుట్టూ చేత్తో మూయండి. ఫ్యాన్‌ను తీస్తే ఆకులు విరిగి గాల్లో వంకరగా తేలుతున్నట్టు వస్తుంది. ఫోన్ కెమెరా బొమ్మను వరుస వరుసగా చదువుకోవడం వల్ల అలా వస్తుంది, ఫ్యాన్‌కి ఏమీ కాలేదు. చీకటి పడ్డాక మాత్రం కెమెరా పక్కన పెట్టేయమంటాను. వంతెనలు కనబడేది నిమిషం లోపే. ఆ నిమిషం ఫోకస్ సరిచేసుకుంటూ పోతే చూసిందీ ఉండదు, తీసిందీ బాగుండదు.

మిగతావి చిన్న సంగతులు. చాలా సంస్థలు వెబ్ చెక్-ఇన్‌ను 48 గంటల ముందు తెరుస్తాయి. అప్పటిదాకా ఆగితే కుడి వెనక కిటికీలు ఉంటాయన్న నమ్మకం లేదు, టికెట్‌తో పాటే తీసుకోండి. ఏటీఆర్‌లో నెత్తిమీద అరలు చిన్నవి. చక్రాల సూట్‌కేసు పట్టకపోతే విమానం దగ్గర తీసుకుని కింద పెడతారు, కాబట్టి మందులు, తాళాలు, ఛార్జర్ చిన్న సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. శంషాబాద్‌లో ఏటీఆర్‌కి చాలాసార్లు బస్సులో తీసుకెళ్లి మెట్లెక్కిస్తారు. గేటు బయలుదేరే సమయానికి కాదు, దానికి 25 నిమిషాల ముందే మూసేస్తారని గుర్తుంచుకోండి. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దాకా వచ్చే ట్రాఫిక్‌ని నమ్మడానికి లేదు, 3.30కల్లా విమానాశ్రయంలో ఉండేలా బయలుదేరండి.

మధురపూడి నుంచి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్ల పైమాటే. రాత్రిపూట బస్సు దొరుకుతుందని అనుకోవద్దు. ఇంటి నుంచి ఎవరైనా వస్తుంటే మీరు శంషాబాద్‌లో విమానం ఎక్కగానే ఫోన్ చేసి బయలుదేరమనండి, సరిపోతుంది. ఎవరూ రాకపోతే క్యాబ్ ముందే మాట్లాడుకోండి. చిన్న విమానాశ్రయం కాబట్టి సామాను కూడా త్వరగానే వచ్చేస్తుంది. మీ ప్రయాణం తేదీ రాస్తే ఆ రోజు చంద్రుడు ఎప్పుడు ఉదయిస్తాడో చూసి, కుడి సీటా ఎడమ సీటా అన్నది ఖాయంగా చెబుతాను.